వలెన్సియాలో మాస్టర్స్: వీసా నుంచి కార్డు దాకా, మధ్యలో వరద

స్పెయిన్‌లో చదవాలనుకునే జూనియర్లు నాకు పంపే మెసేజ్‌లు దాదాపు అన్నీ వీసా గురించే. వీసా దాకా దారి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ దిగాక ఏమవుతుందో చెప్పేవాళ్లే తక్కువ. నేను 2024 సెప్టెంబర్‌లో వలెన్సియా వెళ్లాను, 2025 జూలైలో మాస్టర్స్ ముగించాను. ఆ ఏడాది ఆ ఊరు మామూలుగా గడవలేదు. జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

మాది ఖమ్మం. హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో స్పానిష్ బీఏ చేశాను. వలెన్సియా యూనివర్సిటీలో స్పానిష్ సాహిత్యం, భాషాశాస్త్రం మాస్టర్స్‌కి 2024 మే నెలాఖరులో అడ్మిషన్ లెటర్ వచ్చింది. మర్నాడే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి అప్లై చేశాను. ఎందుకంటే అదొక్కటే నా చేతిలో లేని పని. అది రావడానికి మూడు వారాలు, అది విదేశాల్లో చెల్లేలా వేసే అపోస్టిల్ ముద్రకి ఇంకో వారం, ఆ తర్వాత స్పానిష్‌లోకి అధికారిక అనువాదం. ఈ అనువాదం ఎవరు పడితే వాళ్లు చేయకూడదు. స్పెయిన్ విదేశాంగ శాఖ గుర్తించిన అనువాదకులే సంతకం చేసి ముద్ర వేయాలి. నాకు స్పానిష్ వచ్చినా డబ్బు కట్టి చేయించుకోవాల్సిందే. పోలీస్ సర్టిఫికెట్, డిగ్రీ, మార్కుల మెమోలు కలిపి అనువాదాలకే పద్దెనిమిది వేలు దాటింది.

డాక్టర్ సర్టిఫికెట్ దగ్గర ఇంకో చిక్కు. 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో చెప్పిన జబ్బులేవీ లేవని అందులో ఆ మాటల్లోనే ఉండాలి. మా ఊరి డాక్టరు గారు అలాంటిది ఎప్పుడూ రాయలేదన్నారు. కాన్సులేట్ ఇచ్చిన వాక్యాన్ని ప్రింట్ తీసి పట్టుకెళ్లాను కాబట్టి ఆయన లెటర్‌హెడ్ మీద పది నిమిషాల్లో పని అయిపోయింది. మీరూ అలాగే పట్టుకెళ్లండి. ఖర్చులకి డబ్బుందని చూపించాల్సింది అప్పటి లెక్కన నెలకి 600 యూరోలు. పది నెలలకి మన డబ్బులో ఐదున్నర లక్షల దాకా నాన్న ఖాతాలో కదలకుండా ఉంచాం. అవసరానికి తీయడానికి వీల్లేదు. ఆ రెండు నెలలు ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

జూలై 10న హైదరాబాద్‌లో ఫైలు ఇచ్చాను. ఆగస్టు మొదట్లో మెయిల్ వచ్చింది: ఇన్సూరెన్స్‌లో వైద్యం ఖర్చుకి మనం చెల్లించే వాటా ఏమీ ఉండదన్న సంగతి స్పష్టంగా రాయించి, పది రోజుల్లో పంపమని. నేను తీసుకున్న పాలసీ అలాంటిదే, ఏడాదికి 430 యూరోలు. కానీ సర్టిఫికెట్‌లో ఆ మాట లేదు. కంపెనీకి రాస్తే రెండు రోజుల్లో మార్చి ఇచ్చారు. ఆగస్టు 28న పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. చూస్తే వీసా 90 రోజులకే ఉంది. అప్పటి నిబంధనల్లో అది అంతే ఉండేది. మిగతా కాలానికి అక్కడికి వెళ్లాక విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు తీసుకోవాలి. మీ విదేశీయుల గుర్తింపు సంఖ్య, అంటే ఎన్‌ఐఈ, వీసా స్టిక్కర్ మీదే ఉంటుంది.

సెప్టెంబర్ 1 ఆదివారం ఖమ్మం పక్కనే పారే మున్నేరు పొంగింది. మా ఇల్లు ఎత్తు మీద ఉంది కాబట్టి మాకేం కాలేదు. బొక్కలగడ్డలో మా పిన్ని వాళ్ల ఇంట్లోకి మాత్రం నీళ్లు తలుపుల పైదాకా వచ్చాయి. వాళ్లు ముందే డాబా ఎక్కేశారు. నీళ్లు తీశాక అందరం వెళ్లి బురద ఎత్తాం. నా ప్రయాణం 12న. సూట్‌కేస్ సర్దుకోవాల్సిన వారమంతా పిన్ని వంటింట్లోనే గడిచింది. ఇప్పుడే వెళ్లాలా అని అడిగితే పిన్నే కసిరింది, "ఈ బురద నువ్వు ఉన్నా పోతుంది, లేకున్నా పోతుంది. ఫ్లైట్ పోతే రాదు" అని. ఆ మాట పట్టుకునే విమానం ఎక్కాను.

మాడ్రిడ్‌లో దిగి, రైల్లో రెండు గంటల లోపే వలెన్సియా చేరాను. గది ఆన్‌లైన్‌లో ముందే మాట్లాడుకున్నాను, నెలకి 320 యూరోలు. అసలు కథ అక్కడే మొదలైంది. ఊళ్లో మీరు ఫలానా చిరునామాలో ఉంటున్నారని మున్సిపాలిటీలో నమోదు చేయించుకోవాలి. దాన్ని పద్రోన్ అంటారు. ఆ సర్టిఫికెట్ లేకపోతే కార్డు పని ముందుకు జరగదు. ఇల్లుగలాయన ఫోన్లో "తప్పకుండా" అన్న మనిషి, వచ్చాక సంతకం పెట్టనన్నాడు. కాంట్రాక్టూ ఇవ్వనన్నాడు. అద్దె ఆదాయం లెక్కల్లో చూపించడం ఇష్టం లేని యజమానులు ఇలా చేస్తారని క్లాస్‌లో వాళ్లు చెప్పారు. కొత్త ఊరు, పక్కన మనవాళ్లెవరూ లేరు, నెలలోపు కార్డుకి వెళ్లాలన్న నిబంధన నెత్తిన ఉంది. ఆ రెండు వారాలు నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. ఇంటికి ఫోన్ చేస్తే అంతా బాగుందనే చెప్పేదాన్ని.

చివరికి బెనిమక్లెత్ అనే పేటలో ఇంకో గది దొరికింది. ఒకప్పుడు విడిగా పల్లెటూరట, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. ఇళ్లు అయిపోగానే పొలాలు మొదలవుతాయి. ఇంటావిడ కింది ఫ్లాట్‌లోనే ఉంటుంది, డెబ్బై దాటిన మనిషి. అద్దె 370, ఒక నెల అద్దె డిపాజిట్. నేను అడిగిన మొదటి ప్రశ్న పద్రోన్ గురించే. "కాంట్రాక్ట్ లేకుండా నేనే ఒప్పుకోను" అంది. నెలకి 50 యూరోలు ఎక్కువ పోయినా ఆ ఒక్క మాటకి ప్రాణం లేచొచ్చింది. గది చూసేటప్పుడు కిటికీ, మంచం, వైఫై తర్వాత అడగండి. పద్రోన్ సంగతి ముందు తేల్చుకుని, రాతపూర్వకంగా తీసుకోండి.

పద్రోన్ అయ్యాక కార్డు కోసం పోలీసుల దగ్గర వేలిముద్రలకి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, దాన్ని సీతా ప్రేవియా అంటారు. వెబ్‌సైట్ తెరిస్తే ప్రతిసారీ ఒకటే జవాబు, ప్రస్తుతం ఖాళీలు లేవు అని. బయట డబ్బుకి ఈ అపాయింట్‌మెంట్లు అమ్మేవాళ్లు ఉన్నారు. నన్ను ఒకరు 40 యూరోలు అడిగారు. ఇది ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది, దయచేసి కొనకండి. నాకు అక్టోబర్ రెండో వారంలో ఒకరోజు ఉదయం ఎనిమిదిన్నరకి దొరికింది, తేదీ నవంబర్ 6. నెల గడువు దాటిపోయింది కదా అని దిగులుగా ఉండేది. ఖాళీలు లేవని వచ్చిన ప్రతి స్క్రీన్‌షాట్‌నీ తేదీతో సహా దాచుకున్నాను. ఆ రోజు ఎవరూ అడగలేదు గానీ, చేతిలో ఉంటే ధైర్యం.

అక్టోబర్ 29 మంగళవారం. వానలకి రెడ్ అలర్ట్ ఉందని యూనివర్సిటీ క్లాసులు రద్దు చేసింది. తీరా చూస్తే మా పేటలో చినుకే లేదు, గాలి మాత్రం కిటికీలు ఊడేలా వీచింది. సాయంత్రం దాకా చదువుకుంటూ కూర్చున్నాను. రాత్రి 8:11కి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా సైరన్‌లా అరిచాయి. బయటికి వెళ్లొద్దని ప్రభుత్వ హెచ్చరిక. నా ఫ్లాట్‌మేట్లు ఇద్దరు, కొలంబియా అమ్మాయి, స్పెయిన్‌లోనే తెరువెల్ అనే ఊరి అబ్బాయి, హాల్లోకి పరిగెత్తుకొచ్చారు. టీవీ పెడితే అర్థమైంది. ఆ మోత వచ్చేసరికే దక్షిణాన పైపోర్తా లాంటి ఊళ్లలో వీధులు ఏరులై గంట దాటిపోయింది. వాన అక్కడ పడలేదు. పైనెక్కడో కొండల్లో కురిసిన నీళ్లు వాగుల్లో దూసుకొచ్చాయి. తూరీస్ అనే ఊళ్లో ఒక్కరోజులో 770 మిల్లీమీటర్లు దాటి పడిందని తర్వాత తెలిసింది. వలెన్సియా ప్రావిన్స్‌లో 220 మందికి పైగా చనిపోయారు.

ఖమ్మంలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. అమ్మావాళ్లు తెల్లవారి టీవీలో చూసి కంగారుపడకముందే "నేను క్షేమం, మా ఇంటికి నీళ్లు రాలేదు" అని వాయిస్ మెసేజ్ పెట్టాను. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయిది బెనెతూసెర్, దక్షిణాన మునిగిన ఊళ్లలో ఒకటి. ఆమె ఫోన్ కలవలేదు. మర్నాడు మధ్యాహ్నం గానీ మెసేజ్ రాలేదు: అందరం బతికే ఉన్నాం, మేడ మీద ఉన్నాం, అమ్మమ్మ ఇల్లు పోయింది.

నవంబర్ 1 శుక్రవారం సెలవు. మెట్రో ఆగిపోయింది. పొద్దున్నే ముగ్గురం చీపుళ్లు, నీళ్ల ప్యాకెట్లు, రొట్టెలు పట్టుకుని నడక మొదలుపెట్టాం. షాపుల్లో పారలు, రబ్బరు బూట్లు అప్పటికే అయిపోయాయి. కాళ్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నాం. ఊరి దక్షిణ అంచుకి వచ్చేసరికి వీధుల నిండా మాలాంటివాళ్లే, వేలమంది, భుజాన చీపుళ్లతో. 1957లో వచ్చిన వరద తర్వాత తూరియా నదిని నగరం మధ్య నుంచి తప్పించి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్లించారు. పాత నదీగర్భం ఇప్పుడు పార్కు. మేము రోజూ అందులోనే నడిచేవాళ్లం. ఆ కొత్త కాలువ మీద అవతలి ఒడ్డున ఉన్న లా తొర్రే పేట వైపు వెళ్లే నడక వంతెన ఉంది. దానికి ఇవతల కాఫీ షాపులు తెరిచి ఉన్నాయి. అవతల దిగగానే మడమ మునిగే బురద, ఒకదాని మీద ఒకటి ఎక్కిన కార్లు. మధ్యలో ఉన్నది వంతెన పొడవే. అటు అడుగుపెట్టాక కాసేపు ఎవరి నోటా మాట రాలేదు.

బెనెతూసెర్‌లో ఆ అమ్మమ్మ ఇల్లు కింది అంతస్తు. గోడ మీద నీటి గీత నా తల కంటే పైన ఉంది. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. ఆ వాసన తగలగానే నాకు పిన్ని వంటిల్లే కళ్ల ముందుకొచ్చింది. మడ్డి నూనె, తడి బట్ట, మురుగు కలిసిన అదే వాసన. అప్పటికే అక్కడ ఉన్న కుర్రాళ్లు వెనక గదిలో ఎండిపోతున్న బురదని చీపుళ్లతో గీకుతున్నారు. ఎండితే అది సిమెంటులా పట్టేస్తుందని మాకు ఖమ్మంలో తెలిసింది. బకెట్‌తో బురదనీళ్లే మళ్లీ దాని మీద పోసి, పలచన చేసి, చెక్క పలకతో గుమ్మం దాకా నెట్టాలి. చేసి చూపించాను. తడిసిన పరుపుని ఇద్దరు కాదు, నలుగురు కూడా లేపలేరు, కోసి ముక్కలుగా మోయాలి. అదీ చెప్పాను. క్లాస్‌మేట్ నన్ను చూసి, ఇవన్నీ నీకెలా తెలుసంది. రెండు నెలల క్రితం మా ఊళ్లో కూడా అని చెప్పడం మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాను. ఇద్దరం ఆ బురద చేతులతోనే పట్టుకుని ఏడ్చాం.

వీధిలో మురుగు కాలువలు పూడిపోయాయి కాబట్టి ఇంట్లోంచి నెట్టిన బురద వీధిలోనే పేరుకునేది. ట్రాక్టర్లు వచ్చి లాగేదాకా అది మళ్లీ లోపలికి రాకుండా గుమ్మానికి అడ్డంగా చెక్కలు పెట్టాం. సాయంత్రం ఒక డ్రాయర్ ఉబ్బిపోయి తెరుచుకోకపోతే పగలగొట్టాం. లోపల ఫోటో ఆల్బమ్‌లు. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చెత్తలో వేద్దామని ఎవరో అన్నారు. అమ్మమ్మ వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఇవ్వలేదు. ఆ తర్వాతి రోజుల్లో కూడా వెళ్లాం. ఆరోగ్యం సంగతి ఒకటి చెప్పాలి: చేతికి చిన్న గీత పడినా టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోమన్నారు. ఆరోగ్య కేంద్రంలో వెంటనే వేశారు.

నవంబర్ 6 రానే వచ్చింది. మా వైపు మెట్రో ఇంకా లేదు, అది డిసెంబర్ మొదట్లో గానీ రాలేదు. నడుచుకుంటూ వెళ్లాను. పట్టుకెళ్లినవి: కార్డుకి దరఖాస్తు (ఈఎక్స్-17 ఫారం), కార్డు రుసుము (790-012 చలానా) కట్టిన రసీదు, పాస్‌పోర్ట్, వీసా పేజీ, మాడ్రిడ్‌లో పడ్డ ముద్ర ఉన్న పేజీ జిరాక్సులు, పద్రోన్, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఒక ఫోటో. చలానా 16 యూరోల చిల్లర. కానీ ఖాతా లేనివాళ్ల దగ్గర చాలా బ్యాంకులు పొద్దున కొద్ది గంటలే కట్టించుకుంటాయి, ఏటీఎంలో బార్‌కోడ్ చూపించి కట్టడం సులువు. పద్రోన్ సర్టిఫికెట్ మూడు నెలలలోపుది ఉండాలి. లైన్‌లో నా ముందున్న ఒకావిడ బూట్లకి ఆరిన బురద ఉంది. మొరాకో ఆవిడ. పాస్‌పోర్ట్, కార్డు, పిల్లల కాగితాలు అన్నీ కొట్టుకుపోయాయట. ఫోన్‌లో ఉన్న ఫోటోలే చూపించింది. ఆమెని లోపలికి ముందుగా పిలిచారు. ఆ రాత్రే నా కాగితాలన్నీ స్కాన్ చేసి అమ్మకి, నాన్నకి పంపాను. మీరు ఊరు కదలకముందే పంపేయండి.

వేలిముద్రల పని పది నిమిషాలు కూడా పట్టలేదు. ముద్ర వేసిన రసీదు ఇచ్చారు. ఆ కాగితం పోగొట్టుకోకూడదు, దాన్ని చూపిస్తేనే కార్డు ఇస్తారు. 40 రోజులు ఆగి, డిసెంబర్ మూడో వారంలో కార్డు తెచ్చుకున్నాను. మే నెలాఖరులో పోలీస్ సర్టిఫికెట్‌తో మొదలైన పని అప్పటికి ముగిసింది. క్రిస్మస్‌కి ఇండియా వెళ్లాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోండి. 90 రోజుల వీసా అయిపోయి, కార్డు ఇంకా రాకపోతే, బయటికి వెళ్లి తిరిగి రావడానికి విడిగా అనుమతి పత్రం తీసుకోవాలి.

ఆ అమ్మమ్మ ఆల్బమ్‌ల సంగతి. వరదలో తడిసిన కుటుంబ ఫోటోల్ని కాపాడటానికి మా యూనివర్సిటీ "సాల్వెమ్ లెస్ ఫోటోస్" (ఫోటోల్ని కాపాడుదాం) అని ఒక పని మొదలుపెట్టింది. జనవరిలో నేనూ వాలంటీర్‌గా చేరాను. మొదట నేర్పించారు: ఏ ఇంటి ఫోటో ఆ ఇంటి నంబర్‌తోనే ఉండాలి, ఒక్కటీ కలవకూడదు. ఫోటోని పేజీ నుంచి మెల్లగా విడదీసి, మంచినీళ్ల ట్రేలో ముంచి, మెత్తటి బ్రష్‌తో బురద తీసి, ఆరబెట్టాలి. పాత నలుపు తెలుపు ఫోటోలు గట్టివి, బాగానే నిలిచేవి. రంగు ఫోటోల్లో అంచుల నుంచి రంగు కరిగి, పసుపు, ఎరుపు మరకలై పాకేది. ముఖం దగ్గరికి ఆ మరక రాకముందే ఆపాలి. ఒక పెళ్లి ఫోటోలో పెళ్లికూతురి దండ, చెయ్యి మిగిలి, ముఖం పోయింది. ఒక మధ్యాహ్నమంతా దాని మీదే కూర్చున్నాను, అయినా రాలేదు. వచ్చినవీ ఉన్నాయి. నా క్లాస్‌మేట్ వాళ్లమ్మ చిన్నప్పటి బీచ్ ఫోటో దాదాపు పూర్తిగా వచ్చింది. మార్చిలో దాన్ని అమ్మమ్మకి ఇచ్చినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఆవిడ ఫోటో వెనక్కి తిప్పి, తను రాసుకున్న తేదీ ఉందో లేదో ముందు చూసుకుంది. ఉంది.

అదే మార్చిలో ఫాయాస్ పండగ. 1 నుంచి 19 దాకా రోజూ మధ్యాహ్నం రెండింటికి మున్సిపాలిటీ చౌక్‌లో పటాసులు కాలుస్తారు, నేల కంపిస్తుంది. చివరి రాత్రి పండగకి వీధుల్లో నిలబెట్టిన పెద్ద బొమ్మల్ని తగలబెడతారు. ఆ వారం యూనివర్సిటీ ఉండదు, నిద్రా ఉండదు. పరీక్షల చదువు అంతకుముందే చేసేసుకోండి.

ఏప్రిల్ 28 సోమవారం, సాన్ విసెంతె ఫెర్రెర్ సెలవు. 12:33కి కరెంట్ పోయింది. ఇంట్లో ఫ్యూజ్ అనుకున్నాం. కాసేపటికి ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. అప్పుడు కింది ఫ్లాట్ పెద్దావిడ బ్యాటరీ రేడియో మెట్ల దగ్గర పెట్టి మొత్తం బిల్డింగ్‌ని పిలిచింది. స్పెయిన్, పోర్చుగల్ రెండింటిలోనూ కరెంట్ లేదని ఆ రేడియోలోనే విన్నాం. అక్టోబర్ తర్వాత ఆ రేడియో కొని దాచుకుందట. షాపుల్లో కార్డులు పనిచేయలేదు. నా దగ్గర ఉన్న నోటుతో అందరికీ రొట్టెలు, టమాటాలు తెచ్చాను. పొయ్యి కూడా కరెంట్‌దే కాబట్టి వంట లేదు. మెట్ల మీదే కూర్చుని తిన్నాం. మూడో అంతస్తు వాళ్లతో నేను మాట్లాడింది ఆ రోజే మొదటిసారి. రాత్రికి కరెంట్ వచ్చింది. ఇంట్లో ఎప్పుడూ 50 యూరోలు నోట్లుగా ఉంచుకోండి.

జూలై మొదటి వారంలో థీసిస్ డిఫెన్స్ అయింది. గది ఖాళీ చేసేటప్పుడు పెద్దావిడ డిపాజిట్ పూర్తిగా వెనక్కిచ్చింది. ఒక్క యూరో పట్టుకోలేదు. మాస్టర్స్ పూర్తిచేసినవాళ్లకి ఉద్యోగం వెతుక్కోవడానికి విడిగా అనుమతి ఇస్తారు. కార్డు గడువు తీరకముందే దానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు, వచ్చాక ఆ వివరాలు విడిగా రాస్తాను. 2025 మే 20 నుంచి విద్యార్థుల నిబంధనలు మారాయి. కాబట్టి పైన చెప్పిన పత్రాల్ని, మొత్తాల్ని కాన్సులేట్ ఇప్పుడు ఇస్తున్న జాబితాతో ఒకసారి సరిచూసుకుని మొదలుపెట్టండి.